ఆర్పేసిన లైటు

"గాలి తగ్గితే డాష్‌బోర్డులో లైటు వెలగాలిగా! వెలక్కుండానే టైరెలా పేలింది?" రోడ్డు పక్కన మెకానిక్ మీద విరుచుకుపడ్డాడాయన.

"ముందెప్పుడూ వెలగలేదా సార్?"

"పోయిన నెలంతా ఒకటే నస. బటన్ నొక్కి ఆర్పేశా."

"గాలి కొట్టించకుండానా? ఆ తగ్గిన గాలే సరిపోతుందని బండికి మీరే నేర్పారు. ఇంకెందుకు చెప్తుంది?"

ఆయనకి ఒళ్లు మండింది. భార్య వైపు తిరిగాడు.

"విన్నావా ఇతగాడి పాఠాలు? ఇంకో మెకానిక్‌ని పిలవనా?"

"మీ ఇష్టం."

ఒకప్పుడు మాటకు మాట అప్పజెప్పేది. 'నీ నస ఆపు' అని ఆయన అరిచిన రోజు నుంచీ, ఏడాదిగా, దేనికైనా ఇదే జవాబు.

ఇల్లు చక్కబడిందని ఇన్నాళ్లూ మురిసిపోయిన మనిషికి, ఇప్పుడా మాట వింటే గుండె గుభేలుమంది.