నాలుగు అకౌంట్లు, ఒక పెళ్ళిచూపులు

"ఇంకా ఇరవై నిమిషాలే!" అని అరిచింది హెప్సిబా. కంప్యూటర్ మాత్రం ఆ మాట తనను కాదన్నట్టు తెర మీద సున్నా తిప్పుతూ కూర్చుంది.

పన్నెండింటికి వీడియోలో పెళ్ళిచూపులు. ఉయ్యూరు సంబంధం. పెళ్ళికొడుకుకు విశాఖలో రైల్వే ఉద్యోగం, సెలవు దొరకలేదు. ముందు తెర మీద చూసుకుని, నచ్చితే భవానీపురంలో ఇంటికి వస్తామన్నారు.

పోయిన నెల వచ్చిన సంబంధం ఈ కంప్యూటర్ వల్లే చెడింది. మాట మధ్యలో బొమ్మ బిగుసుకుపోయింది. ఒక కన్ను మూసి, నోరు సగం తెరిచిన ముఖాన్ని అవతలివాళ్ళు నాలుగు నిమిషాలు ఓపిగ్గా చూసి, ఓ దండం పెట్టి వెళ్ళిపోయారు. ఈసారీ అలాగే అయితే ఈ ఇంట్లో మళ్ళీ ఎవరూ పెళ్ళి మాట ఎత్తరు.

"ఫోన్లో చెయ్యొచ్చుగా అక్కా?" అన్నాడు తమ్ముడు జయపాల్.

"ఫోన్లో ఒక్కళ్ళ ముక్కే కనపడుద్ది. ఇంట్లోవాళ్ళందర్నీ చూస్తామన్నారు వాళ్ళు."

"ఎక్కువ తాగేది ఎవరో చూడవే," అన్నాడు పక్కన కుర్చీ వేసుకున్న జక్కయ్య. తల్లి అమలమ్మకు అన్న, వీళ్ళకు మేనమామ. ఈ సంబంధం తెచ్చింది ఆయనే. కాలవల మీద లస్కరుగా ముప్పైయేళ్ళు తూములు ఎత్తి దించి రిటైరయ్యాడు. ఏ గొడవ చెప్పినా ఆయనకు నీళ్ళ పంపకంలాగే వినిపిస్తుంది.

ఎవరెంత మెమరీ వాడుతున్నారో చూపించే పట్టిక తెరిచింది హెప్సిబా. నాలుగు జీబీలో తొంభై ఎనిమిది శాతం అయిపోయింది. ఇంట్లో అకౌంట్లు నాలుగు: హెప్సిబా, జయపాల్, అమ్మ, నాన్న. నాలుగూ తెరిచే ఉన్నాయి. పని కాగానే సైన్ అవుట్ చేయకుండా పక్కవాళ్ళకు కుర్చీ అప్పగించి లేచిపోవడం ఈ ఇంటి ఆచారం.

"అదే మరి! పైనోళ్ళు తూములు మూయకపోతే శివారోళ్ళకి నీళ్ళెట్టా వస్తయ్యి? ముయ్యి అందరియ్యీ!"

మొదటి తూము జయపాల్‌ది. గ్రూప్స్ పరీక్షకు రేయింబవళ్ళు చదువుతున్నానని చెప్పే అతని అకౌంట్లో ఒక కార్ల పందెం ఆట బయటపడింది.

"ఒక్క నిమిషం అక్కా, సేవ్ చేసుకుంటా! మూడు వారాల కష్టం!"

"గ్రూప్సా?"

"కాదు, ముప్పైరెండో లెవెలు."

క్లిక్. జయపాల్ గుండె పట్టుకుని సోఫాలో పడ్డాడు. జక్కయ్య పగలబడి నవ్వాడు.

రెండోది అమ్మది. అందులో అరవై మూడు వంటల వీడియోలు తెరిచి ఉన్నాయి.

"ఒక్కటన్నా మూయవా అమ్మా?"

"మూస్తే మళ్ళీ దొరకవేమోనే," వంటింట్లోంచి అమలమ్మ గొంతు. వెనకే బజ్జీలు నూనెలో పడిన చప్పుడు.

"వీడియో పెళ్ళిచూపులకి బజ్జీలేందమ్మా! వాళ్ళకెట్టా పెడతావ్? ఇటు రా."

"నేనెందుకే అక్కడ? మీరు మాట్లాడండి. నాకసలే కాళ్ళూ చేతులూ ఆడట్లా."

క్లిక్. కొంత నయం. అయినా కెమెరాలో బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. హెప్సిబా సెట్టింగుల్లోకి వెళ్ళి వర్చువల్ మెమరీ పెంచింది. ర్యామ్ చాలనప్పుడు హార్డ్ డిస్కులోంచి కొంత తోడుకునే ఏర్పాటది.

"కాలవ నీళ్ళు చాలక బోరేసుకోటం," అని తేల్చేశాడు జక్కయ్య.

రీస్టార్ట్ అడిగింది. హెప్సిబా నొక్కేసింది. పదకొండూ యాభై నాలుగుకు తెర వెలిగింది.

వెలగగానే నాన్న అకౌంటు తెరుచుకుంది. ఎప్పుడు ఆన్ చేసినా ముందు తనదే వచ్చేలా ఆయనే పెట్టుకున్నాడు. ఆయన పోయి అయిదేళ్ళయినా ఆ సెట్టింగును ఎవరూ ముట్టుకోలేదు. ఆయన పాటలు, చెరుకు తోటలో ఫొటోలు, "అమలా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని రోజూ గుర్తుచేసే చీటీ, అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. సగం మెమరీ ఆయనదే.

నవ్వులు ఆగాయి. హెప్సిబాకు మౌసు మీద వేలు కదల్లేదు.

"అమ్మా... నాన్నది ఏం చెయ్యను?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"మూసెయ్యవే," అంది అమలమ్మ. "ఆయనేం అనుకోరు. ఫొటోలు మాత్రం పోకూడదు."

"సైన్ అవుటేనమ్మా. ఒక్కటీ పోదు. ఎప్పుడంటే అప్పుడు తెరిచి చూసుకోవచ్చు."

"అయితే కానీ."

క్లిక్. హెప్సిబా తన అకౌంట్లోకి వెళ్ళి చూసింది. మెమరీ వాడకం నలభై శాతానికి పడిపోయింది.

"వదిలార్రా నీళ్ళు!" అని జక్కయ్య కుర్చీలోంచి ఎగిరాడు. జయపాల్ ముప్పైరెండో లెవెలు మర్చిపోయి ఈల వేశాడు. హెప్సిబా కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వేసింది.

సరిగ్గా పన్నెండింటికి కాల్ వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెళ్ళికొడుకు అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని కూర్చున్నాడు.

"వందనాలండీ. వినపడుతోందాండీ?"

"చక్కగా వినపడుతోందండీ," అంటూ హెప్సిబా లేచి వంటింట్లోకి పరుగెత్తి, పిండి చేతుల అమలమ్మను రెక్క పట్టుకుని లాక్కొచ్చి అదే కుర్చీలో కూర్చోబెట్టి, "తల దించుకోకమ్మా, పెళ్ళికొడుకు చూడటానికొచ్చింది నిన్నే" అంది.