ఆలస్యం చేసినవాడు

కంప్యూటర్ ఒక్కసారిగా కుయ్యోమని మొత్తుకుంది.

తెరంతా ఎరుపు. "ప్రమాదం! మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆమె పని. ఏడాదిగా గీసిన పుస్తకమంతా ఆ పెట్టెలోనే ఉంది. సాయంత్రానికల్లా ప్రచురణకర్తకు పంపాలి. ఇంకోచోట కాపీ దాచుకోమని ఎవరు చెప్పినా "రేపు చేస్తా" అనేది. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

వెంటనే ఆ నంబరు నొక్కి, ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"చె... చెప్పండమ్మా," అన్నాడు అవతలి మనిషి. కాస్త నత్తి.

ఆమె ఏడుపు గొంతుతో అంతా చెప్పింది.

"ముందు నెట్ తీసేయండి. కంప్యూటర్ ఒకసారి ఆపి, మళ్ళీ పెట్టండి."

పెట్టింది. ఎరుపు పోయింది.

"విడిగా తగిలించే హార్డ్ డిస్కు ఏదైనా ఉందా అమ్మా?"

"ఉంది. కొన్నప్పటి నుంచి డబ్బాలోంచి తీయనేలేదు."

"బొమ్మలన్నీ అందులోకి కాపీ చేయండి."

"ముందు వైరస్ సంగతి చూడండి బాబూ!"

"ముందు కాపీనే అమ్మా."

కాపీ నత్తనడకన సాగింది. అతనికీ తొందరలేదు. పైగా పాఠాలు మొదలుపెట్టాడు. అక్కర్లేని ప్రోగ్రాములు తీసేయమన్నాడు. అప్‌డేట్లు వాయిదా వేయొద్దన్నాడు. ఎవరో చెప్పారని ఏదీ దించుకోవద్దన్నాడు.

"ఎవరి మాటా వినకూడదంటే, మరి మీకెందుకు ఫోన్ చేసినట్టు?" అంది ఆమె విసుగ్గా.

ఇంతలో అతని వెనక ఎవరో నడిచిన చప్పుడు. వెంటనే గొంతు పెంచాడు. "మీ కంప్యూటర్‌లో చా... చాలా పెద్ద వైరస్ ఉందండీ!"

చప్పుడు దూరమయ్యాక మళ్ళీ గుసగుసగా అడిగాడు. "కాపీ అయిందా అమ్మా?"

ఇతనికి బుర్ర సరిగ్గా ఉందా అనుకుంది ఆమె.

"అయింది."

"వైరు పీకేసి, డిస్కు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఈ రోజంతా తీయకండి. ఎవరు చెప్పినా సరే. నే... నేనే చెప్పినా సరే."

సోఫాలో కూర్చుని అంతా వింటున్న అత్తగారు ఆ పని చేసిపెట్టి, తాళంచెవితో సహా కింది వాటాలోకి కబుర్లకు వెళ్ళిపోయింది.

"ఇంకనైనా వైరస్ తీస్తారా?"

"కొంచెం ఆగండమ్మా. కంప్యూటర్‌కి దుమ్ము దులిపి ఎన్నాళ్ళయింది? గాలి ఆడే చోటే పెట్టారా?"

ఆమె ఓపిక నశించింది. "ఇందాకటి నుంచి ప్రాణం తీస్తున్నారు. ఇంకెవరికైనా ఇవ్వండి!"

"వద్దమ్మా. ఈ నంబరుకు మళ్ళీ మీరు..."

ఆమె ఠక్కున పెట్టేసింది. మళ్ళీ అదే నంబరు నొక్కింది.

ఈసారి వెన్న రాసినట్టున్న గొంతు. "మేనేజర్‌ని మాట్లాడుతున్నానండీ."

ఆమె అంతా ఏకరువు పెట్టింది. నెట్ తీయించడం, కాపీ, డిస్కు, బీరువా, ఆఖరికి దుమ్ము.

"ఎవరండీ అతను? పేరు చెప్పాడా?"

"లేదు. నత్తిగా మాట్లాడాడు."

"ఓహో, వాడన్నమాట. చాలా మేలు చేశారమ్మా. వాడి సంగతి మేం చూసుకుంటాం."

"కాస్త గట్టిగానే చూసుకోండి," అంది ఆమె. కసి తీరింది.

మేనేజర్ పని చకచకా నడిపించాడు. నెట్ పెట్టించాడు. ఏదో చిన్న ప్రోగ్రాం దించుకోమన్నాడు. తెర మీద బాణం గుర్తు దానంతటదే కదలసాగింది.

"ఆ డిస్కు కూడా తగిలించండమ్మా. దాన్నీ శుభ్రం చేస్తాను."

ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. "అత్తయ్యా! డిస్కు కావాలి, తాళంచెవి పట్రండి!"

"ఎవరు చెప్పినా తీయొద్దన్నాడుగా ఆ అబ్బాయి!"

"వేరే ఆయన తీయమంటున్నాడు!"

"ఎవరు చెప్పినా అంటే ఆ వేరే ఆయన కూడా అందులో ఉన్నట్టే కదే!"

"తొందరగా కానివ్వండి," అన్నాడు మేనేజర్. గొంతులో ఇప్పుడు వెన్న లేదు.

ఆమె వెనక్కి వచ్చేసరికి బొమ్మలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. నవ్వే ఏనుగు పోయింది. గొడుగు పట్టిన పిల్లి పోయింది. మౌస్ అటూ ఇటూ లాగింది, బల్లకేసి కొట్టింది. బాణం ఆమె మాట వినలేదు. తెర నల్లబడింది.

"మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం. తీయాలంటే మేం అడిగింది ఇచ్చుకోవాలి," అన్నాడు మేనేజర్.

ఫోన్ తెగిపోయింది.

అత్తగారు పైకి వచ్చేసరికి ఆమె నేల మీద కూలబడి ఏడుస్తోంది. పెద్దావిడ సంగతంతా విని బీరువా తీసింది. డిస్కును ఆమె భర్త లాప్‌టాప్‌కి తగిలించి చూశారు. ఏనుగు ఉంది. పిల్లి ఉంది, గొడుగుతో సహా.

"ఒక్కటీ పోలేదే పిచ్చిదానా!" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఆ నత్తి అబ్బాయి చల్లగా ఉండాలి. ముందు అతనికి ఫోన్ చేసి ఒక మంచి మాట చెప్పు."

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆ నంబరు వంక చూస్తూ ఉండిపోయింది. దొంగల మధ్య కూర్చుని, వాళ్ళ చెవిన పడకుండా తనను కాపాడిన ఆ ఒక్క మనిషిని, పేరు తెలియకపోయినా గుర్తు చెప్పి మరీ వాళ్ళకు పట్టించింది తనేనని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.