చర్చిలో పార్టీ ఫోటో

ఎన్నికల పోస్టరుకు చర్చిలో ఫోటో కావాలని పార్టీ నాయకుడు అడగ్గానే ఏలీషా ఉబ్బిపోయాడు. కొత్త పార్టీయే అయినా, పేరులోనే ‘క్రైస్తవ ప్రజాస్వామ్యం’ ఉంది మరి! జర్మనీలోని మాగ్డెబర్గ్ ఊళ్ళో, ఆ చర్చిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధన నడిపేది ఏలీషానే.

“పట్టుచీరలు, కోట్లు వేసుకుని రండి. మనం పోస్టరెక్కుతున్నాం!” అని గ్రూపులో మెసేజీ పెట్టాడు.

ఆ ఆదివారం పిల్లాజెల్లాతో బెంచీలన్నీ నిండిపోయాయి. పాట మధ్యలో నాయకుడు ఫోటోగ్రాఫరుతో దిగాడు.

“మీ భక్తి చూస్తే ముచ్చటేస్తోంది. కాసేపు అందరూ బయట నిలబడతారా?” అని జర్మన్‌లో మర్యాదగా అడిగాడు.

“లైటింగ్ చూసుకుంటారంటండీ!” అంటూ ఏలీషా అందరినీ వానలోకి నడిపించాడు. తడుస్తూ కూడా వాళ్ళు పాట ఆపలేదు. ఫోటోగ్రాఫరు తలుపు మూసేశాడు.

“ఏవండీ, మళ్ళీ లోపలికి పిలుస్తారంటారా?” అంది భార్య హెప్సీబా, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని.

“మన క్రైస్తవుల పార్టీనే! నీకన్నీ అనుమానాలే.”

కాసేపటికి నాయకుడు బయటికొచ్చి, అందరికీ నమస్కారం పెట్టి కారెక్కాడు.

రెండు వారాలకు ట్రామ్ స్టాపులో పోస్టరు వెలిసింది. నిలువెత్తు శిలువ, దాని ముందు వరసలు వరసలుగా ఖాళీ బెంచీలు. కింద పెద్ద అక్షరాలు: “మన చర్చిలు ఖాళీ అయిపోతున్నాయి. పరాయివాళ్ళ నుంచి క్రైస్తవ జర్మనీని కాపాడుకుందాం!”

ఏలీషా దాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. హెప్సీబా పోస్టరు దగ్గరికెళ్ళి మొదటి బెంచీ మీద వేలు పెట్టింది.

“మన తెలుగు బైబిలండీ. దీన్ని బయటికి పంపడం మర్చిపోయారు, పాపం.”