తలా బెత్తెడు

“ఆ చారల ఏప్రన్ విప్పెయ్యమ్మా. లేకపోతే పాట లేదు,” అన్నాడు దర్శకుడు మానోల్.

కెరానా నడుముకు కట్టుకున్న గుడ్డను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“విప్పను. కావాలంటే పాటే మానేస్తాను.”

సోఫియా నగరంలోని టీవీ స్టూడియోలో అందరి ప్రాణాలూ ఉసూరుమన్నాయి. ప్రత్యక్ష ప్రసారానికి ఇంకా అరగంటే ఉంది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం కాదు కెరానా. కానీ ఆ ఏప్రన్ ఆమె ఒక్కదానిదే కాదు. తమ ఊరి మనిషి టీవీలో పాడబోతోందని తెలియగానే లిపెన్ ఊరి ఆడవాళ్లు ఒకే మగ్గం మీద వంతులేసుకుని తలా బెత్తెడు నేశారు. నలుపూ తెలుపూ చారలు, వెంట్రుకంత సన్నం. ఇప్పుడు వాళ్లంతా ఊరి హాల్లో కొత్త కలర్ టీవీ ముందు, ఎవరి బెత్తెడు వాళ్లు చూసుకుందామని కూర్చుని ఉన్నారు.

దాన్ని విప్పేసి పాడితే ఇక ఏ ముఖం పెట్టుకుని ఊళ్లో అడుగుపెట్టాలి?

“నా మాట నమ్మవు కదా, నువ్వే చూడు,” అని మానోల్ మూలనున్న టీవీ చూపించాడు. ఇళ్లలో ఉండేలాంటిదే.

కెరానా వంగి చూసింది. తెరమీద తన చారల నిండా ఎర్రటి, నీలపు మరకలు చీమల్లా పాకుతున్నాయి.

“అయ్యో, నా గుడ్డకి గజ్జి పట్టిందేమిటి!”

“అదీ సంగతి,” అంటూ మానోల్ తల పట్టుకుని అవతలికి పోయాడు.

గోడ పక్క కుర్చీలో ఎవరి కోటుకో గుండీ కుడుతున్న పెద్దావిడ పకపకా నవ్వింది. బట్టల సంగతి చూసే మనిషి కాబోలని కెరానా అనుకుంది.

“నవ్వకు పిన్నీ. నా కడుపు మండిపోతోంది. ఈ గజ్జి ఎక్కడిది?”

“గుడ్డది కాదు తల్లీ, టీవీది. వెలుగునీడలూ రంగులూ రెండు పోగులు పేనినట్టు కలిపి గాల్లోకి వదులుతారు. ఇంట్లో ఉన్న టీవీ ఆ పురి విప్పుకోవాలి. మరీ సన్నచారలొచ్చాయనుకో, దానికి తికమక. వెలుగు పోగుని పట్టుకుని రంగు పోగనుకుంటుంది.”

“అచ్చం మా ఆడపడుచే! నల్లదారం తెమ్మంటే ఎర్రది పట్టుకొస్తుంది.”

“చార లావైతే తికమకపడదు.”

“ఇప్పటికిప్పుడు లావు చారలు ఎక్కణ్ణుంచి తేను?”

“నువ్వేం తేనక్కర్లేదు. కెమెరా నీ దగ్గరికొస్తే చార అదే లావెక్కుతుంది.”

పెద్దావిడ సూది గుచ్చి పెట్టి మానోల్ దగ్గరికెళ్లింది. ఆవిడ రావడం చూసి అతను లేచి నిలబడ్డాడు. రెండు మాటలకే సరేనన్నాడు.

బట్టలు చూసే మనిషి మాటకి ఇంత విలువా, ఈ టీవీవాళ్లు మంచివాళ్లే అనుకుంది కెరానా.

కెమెరా ముందుకు జరిగింది. జరుగుతున్నకొద్దీ మూల టీవీలో మరకలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా, పోగుపోగూ లెక్కపెట్టేలా చారలు నిలిచాయి.

కెరానా ఎగిరి గంతేసి పెద్దావిణ్ణి కావలించుకుంది. మూట విప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న జున్ను రొట్టె చేతిలో పెట్టింది.

“తిను పిన్నీ. బక్కచిక్కిపోయావు.”

పెద్దావిడ ఆవురావురుమని తింటూ అడిగింది. “ఒక్కదానివే పాడతావా? మీ వైపు పాటకి శ్రుతి పట్టే మనిషి ఉండాలిగా?”

“మా త్సోనా పట్టేది. నిన్న చన్నీళ్లు తాగి గొంతు పోగొట్టుకుంది. ఊళ్లోనే ఉండిపోయింది.”

“నేను పట్టనా? కెమెరా ఇంత దగ్గరికొచ్చిందిగా, నీ పక్కనే నిలబడ్డా కనపడను.”

“నీకు ఈ పాట వచ్చా?”

ఆవిడ మెల్లగా ఎత్తుకుంది. కెరానా చెయ్యి అడ్డం పెట్టేసింది.

“ఆగాగు! అక్కడ ఊపిరి తీస్తారా ఎవరైనా? ఈ పాట మా ఊళ్లో చంటిపిల్లకి కూడా వచ్చు. సాగదియ్యాలి. ఏదీ, మళ్లీ అను.”

ఆవిడ బుద్ధిగా మళ్లీ పాడింది. కెమెరా దగ్గరున్నతను దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు.

“పర్లేదు పిన్నీ. ఇంకాస్త సాధన చేస్తే బాగా పాడతావు.”

“తప్పకుండా చేస్తాను తల్లీ.”

ప్రసారం మొదలైనట్టు కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

కెరానా గొంతెత్తింది. పక్కనుంచి శ్రుతి నేలంత నిబ్బరంగా అందుకుంది. ఆ ఆసరా దొరికాక కెరానాకు భయం పోయింది, కెమెరా సంగతే మర్చిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత హాయిగా ఎన్నడూ పాడలేదు.

పాట అయిందో లేదో, ఊరి నుంచి ఫోనని పిలిచారు. కెరానా వెనక్కి తిరిగేసరికి పెద్దావిడ కోటు తొడుక్కుని, మిగిలిన రొట్టె ముక్క పట్టుకుని, చెయ్యూపుతూ మెట్లు దిగిపోతోంది.

ఫోన్లో త్సోనా. గొంతు బొంగురు, వెనకాల ఊరంతా గోల.

“అందరి బెత్తెడూ కనిపించిందే! స్తానిమీరా నేసిన వంకరపోగు కూడా కనిపించింది. పడీపడీ నవ్వుతున్నాం.”

“మరి నా పాట?”

“హాలు హాలంతా లేచి నిలబడింది. ముసలాళ్లు టోపీలు తీసేశారు.”

కెరానా కళ్లు చెమర్చాయి. “అంత బాగా పాడానా?”

“నువ్వూ బాగానే పాడావులే. మనం ఆవిడ ముఖం ఎన్నడూ చూడకపోతే మాత్రం ఆ గొంతు పోల్చుకోలేమా? ముందు ఇది చెప్పు, ఎవరి పాట రేడియోలో వినీ వినీ మనమంతా పాడటం నేర్చుకున్నామో, ఆ దోబ్రీనా నీ పక్కన నిలబడి శ్రుతి పట్టడమేంటే!”