మూడుసార్లు చెరిపాక

“చెరిపేముందు ఒక్కసారి లోపల చూడొచ్చాండి?” అని దేవకుమారి అడిగేసరికి కిరణ్ కుమార్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

కాకినాడలోని ఆ ఎరువుల కంపెనీ ఆఫీసు మూలన పన్నెండేళ్ళుగా గుర్రుమంటూ పనిచేసిన జిరాక్సు మిషను అది. రేపు పాత సామాన్లవాళ్ళు పట్టుకుపోతారు. ఆలోపు దాని హార్డ్ డిస్కును మూడుసార్లు చెరిపి, ఏమీ మిగల్లేదని సర్టిఫికెట్ రాసివ్వాలి. రాజమండ్రి నుంచి ఆ పనిమీదే వచ్చాడతను. నిజానికి ఈ డ్యూటీ తనతో పనిచేసే సత్తిరాజుది. కాకినాడలో సొంత పనుందని కిరణే బతిమాలి మార్పించుకున్నాడు.

“చూడకూడదండి. రూలు,” అన్నాడు.

ఆవిడ కదల్లేదు సరికదా, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆ ఆఫీసులో రికార్డు క్లర్కు. యాభై దాటి ఉంటాయి. భర్త సామ్యేలు ఇక్కడే సీనియర్ క్లర్కుగా చేస్తూ రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోతే, కంపెనీవాళ్ళు జాలిపడి ఆవిడకిచ్చిన ఉద్యోగం అది.

సామ్యేలుకి ఒక పిచ్చి ఉండేదట. ఏ కాగితం రాసినా, చివరికి సరుకుల చీటీ అయినా సరే, ఈ మిషను మీద ఒక జిరాక్సు తీసుకోనిదే వదిలేవాడు కాదట. ఆఫీసులో అందరూ నవ్వేవారట. పోయేముందు డిసెంబరులో చర్చిలో చదవడానికి ఒక ప్రార్థన రాశాడు. నిరుడు వానలకి ఇల్లు కురిసి పెట్టెలో కాగితాలన్నీ ముద్దయిపోయాయి, అసలూ జిరాక్సూ కూడా. ఆఫీసు ఫైళ్ళలోవన్నీ టైపు కాగితాలే, ఆయన చేతిరాత ఇంట్లో ఒక్క ముక్క మిగల్లేదు. తీసిన ప్రతి కాగితాన్నీ ఈ మిషను తన లోపల దాచుకుంటుందని పొద్దున్న కిరణ్ ఎవరికో చెబుతుంటే విన్నదట. అప్పట్నుంచీ ఆవిడ కాలు ఒకచోట నిలవడం లేదు.

“సాయంత్రం ఐదయితే ఆయన రాత ఇంక ఈ లోకంలో ఎక్కడా ఉండదు బాబూ,” అంది.

తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా కిరణ్ కాదనలేకపోయాడు. లాప్‌టాప్ తగిలించి ఆ ఏడాది డిసెంబరు తెరిచాడు. బిల్లులు, సెలవు చీటీలు, ఎవరెవరివో ఆధార్ కార్డులు, వేలల్లో ఉన్నాయి. ఒక్కోటీ చూసుకుంటూ పోవాలి.

మధ్యాహ్నం ఆవిడ తన క్యారేజీ విప్పి అతనికీ పెట్టింది. చేపల పులుసు. అతను ముళ్ళన్నీ ముందే ఏరి ప్లేటు అంచున పేర్చుకోవడం చూసి, మా ఆయనా అచ్చం ఇంతేనని నవ్వి, అంతలోనే కళ్ళొత్తుకుంది. తమకి పిల్లల్లేరంది. అందుకు ఆయన ఏనాడూ తనని ఒక్క మాట అనలేదంది. నెలకోసారి నరసాపురం వైపు డీలర్ల దగ్గరికి క్యాంపుకెళ్ళడం తప్ప ఒక్క రాత్రి కూడా తనని విడిచి ఉండలేదంది.

“నా దగ్గర దాచింది ఒక్కటంటే ఒక్కటి లేదండి ఆ మనిషి.”

కిరణ్ ముద్ద పక్కనపెట్టి గబగబా నీళ్ళు తాగాడు.

అప్పుడే మొగల్తూరు నుంచి అతని తల్లి రత్నమాణిక్యం ఫోన్ చేసింది. “దొరికిందా నాన్నా?” అన్న గొంతు దేవకుమారి దాకా వినిపించింది. వెతుకుతున్నానమ్మా అని పెట్టేశాడు. పెళ్ళికూతురు కోసమా ఏంటి అమ్మగారికి అంత తొందర అని ఆవిడ ఏడిపించింది. అతను తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు.

మూడున్నరకి ప్రార్థన దొరికింది. ప్రింటు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. గుండ్రటి అక్షరాలను వేలితో తడుముతూ చదువుకుంటూ పోయి, చివరి వరస పైకి చదివింది.

“ప్రభువా, నన్ను నమ్ముకున్నవాళ్ళను నావల్ల ఏడవనివ్వకు.”

నమ్ముకున్నవాళ్ళంటే ఇంకెవరున్నారు, నేనొక్కదాన్నేగా అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కిరణ్‌కీ కళ్ళు నిండాయి. దాచుకోవడానికి తెరవైపు తిరిగాడు.

తెరమీద ఆ వెనకే ఇంకో కాగితం ఉంది. అదే తేదీ, అదే చేతిరాత, కింద సామ్యేలు సంతకం. కంపెనీ మేనేజరుకి రాసుకున్నది. కిరణ్ రెండుసార్లు చదివాడు.

“ఇంకేమైనా ఉందాండి ఆయనది?”

“లేదండి. ఖాళీ కాగితం.”

ప్రింటు నొక్కితే ఒక్క నిమిషం పని. ఆ కాగితం బయటికొస్తే ఏడ్చేదెవరో, చెరిగిపోతే ఏడ్చేదెవరో అతనికి తెలుసు. ఆవిడ ఒళ్ళో ఉన్న ప్రార్థన వంక ఇంకోసారి చూసి, చెరపడం మొదలుపెట్టాడు. ఒకసారి అయింది. రెండోసారి అయింది. మూడోసారి నొక్కడానికి అతని వేలు చాలాసేపు లేవలేదు.

సర్టిఫికెట్‌లో సాక్షి సంతకం ఒకటి కావాలి. డిస్కులో ఏమీ మిగల్లేదని దేవకుమారే సంతకం పెట్టింది. వెళ్ళేటప్పుడు మెట్లదాకా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“మిమ్మల్ని కన్న తల్లి అదృష్టవంతురాలు బాబూ.”

బస్టాండులో ఉండగా తల్లి మళ్ళీ ఫోన్ చేసింది.

“లేదమ్మా. నేనొచ్చేసరికే చెరిపేశారు,” అన్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఊరి మాటలు పడ్డ మనిషి, రాశానని ఆయన చెప్పిపోయిన ఆ ఒక్క కాగితమైనా దొరుకుతుందని ఆశపడింది. పోనీలే నాన్నా, అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానమ్మా, చేపల పులుసు అన్నాడు.

సామ్యేలు రాసిన ఆ రెండో కాగితం మొదటి వాక్యం, ‘అయ్యా, మొగల్తూరులో నాకొక కొడుకున్నాడు.’