కెప్టెన్‌గారి సున్నాలు

“నాన్నా, కెప్టెన్ మళ్లీ డకౌట్!”

సోఫాలో కూలబడి ఉన్న విఠల్ తలెత్తాడు. “మళ్లనా? ఎన్నోసారి?”

“ఫిఫ్త్ టైమ్,” అంది స్కూలుకి తయారైన గీతిక, నోట్‌బుక్ గుండెకి ఆనించుకుని.

పదకొండేళ్ల గీతికకి హిస్టరీ అసైన్‌మెంట్ ఇచ్చారు. విక్టోరియా రాణి కాలంలో మెల్‌బోర్న్ వచ్చిన కెప్టెన్ హార్‌గ్రీవ్స్ అనే సైనికాధికారి జీవితం రాయాలి. ఆయన ఉద్యోగం సైన్యంలో, ప్రాణం క్రికెట్‌లో. నెల రోజులుగా మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లోని ఆ ఇంట్లో ఆయన కథ సీరియల్‌లా నడుస్తోంది.

విఠల్‌కి ఆయనంటే పాపం అనిపించేది. తనదీ అదే వరస మరి. హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి వచ్చి ఏడు నెలలైంది. ఐదు ఇంటర్వ్యూలయ్యాయి. అందరూ నవ్వుతూనే లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు. ఆరోది ఇవాళ పదింటికి. వెళ్లేది లేదనీ, ఇక సామాను సర్దుకుని ఇండియాకి పోదామనీ పొద్దున్నే భార్య అమృతతో తేల్చేశాడు.

“క్లబ్బోళ్లు ఏమన్నరు మీ కెప్టెన్‌ని?”

“మా పిచెస్ నీకు తెలీవు అన్నారు.”

“అరె, అచ్చం నాకు చెప్పినట్టే!” విఠల్‌కి ఆ నూట యాభై ఏళ్లనాటి క్లబ్బు మీద ఒళ్లు మండింది. “ఆడకుంటే పిచ్ ఎట్ల తెలుస్తది? ఏదీ, చూపియ్యి.”

“నో! డ్రాఫ్ట్ ఫినిష్ అవ్వలేదు.” నోట్‌బుక్ వీపు వెనక్కి పోయింది.

“సరే. ఆరో మ్యాచ్ ఆడిండా, లేదా?”

గీతిక తండ్రిని తేరిపార చూసింది. “ప్యాడ్స్ కట్టుకుని వెళ్లాడు. స్కోర్ ఈవెనింగ్ చెప్తా.”

విఠల్ గోడ గడియారం వైపు చూశాడు. కాసేపటికి లేచాడు.

“అమృతా, నా టై ఏడ పెట్టినవ్?”

సాయంత్రం అతను తలుపు తీసేసరికి గీతిక ఎదురుగానే నిలబడి ఉంది. ముందు అతని ముఖం చూసింది. ఆ తర్వాతే అరిచింది. “సెవెంటీ నాటౌట్!”

రెండు వారాలకి ఆఫర్ లెటర్ వచ్చింది. అమృత ఏడ్చేసింది. విఠల్‌కి ఎందుకో ముందుగా కెప్టెన్ గుర్తొచ్చాడు. టీచరు దిద్ది పంపిన అసైన్‌మెంట్ డైనింగ్ టేబుల్ మీద కనిపించింది. గీతిక స్విమ్మింగ్ క్లాసుకి వెళ్లింది. ఆత్రంగా తెరిచి ఆ ఐదు సున్నాల కోసం వెతికాడు. మొదటినుంచీ మళ్లీ వెతికాడు. చివరి పేజీలో, టీచరు గీత గీసి మెచ్చుకున్న వాక్యం దగ్గర అతని వేలు ఆగిపోయింది.

‘కెప్టెన్ హార్‌గ్రీవ్స్ జీవితంలో ఒక్కసారి కూడా సున్నాకి అవుట్ కాలేదు.’