బండికి ఒక మంచి ఫొటో

"లైట్లు ఏసినవా బాపు?"

"ఏసిన! కనబడుతలేదా?" కారులోంచే అరిచాడు ఎల్లేశం.

కనబడకేం, కళ్లు బైర్లు కమ్మేంతగా కనబడుతున్నాయి. నిఖిత ఫోను కిందికి దించి, తీసిన ఫొటో చూసి మూతి ముడుచుకుంది. అందులో కారు లేదు, రెండు తెల్లటి వెలుగు ముద్దలున్నాయి.

రేపు పొద్దున హుజూరాబాద్ నుంచి బుచ్చిరాములు వచ్చి ఈ మారుతి బండిని కొనుక్కుపోతాడు. ఎల్లేశం మోకాళ్లు క్లచ్ తొక్కనివ్వడం లేదు మరి. పోయేలోగా ఒక మంచి ఫొటో తీసి, పటం కట్టించి గోడకు పెడదామని కూతురు అనేసరికి ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. లైట్లు వెలుగుతుంటేనే బండికి కళ అని నిఖిత పట్టుబట్టింది. వాటి స్విచ్ పాడై ఏడాదైంది, లోపల కూర్చుని చేత్తో పట్టుకుంటే తప్ప వెలగవు. మామూలుగా ఆ ఇంట్లో ఎవరు ఫొటో దిగినా ఫోను అందుకునేది ఎల్లేశమే. ఈసారి స్విచ్ దగ్గర కూర్చోక తప్పలేదు కాబట్టి ఒక షరతు పెట్టాడు.

"బండి ఒక్కటే రావాలె. మనిషి వస్తే బండి అందం చెడుతది."

"గీ వెలుగుల నువ్వేడ కనబడతవు బాపు? ఫికర్ చెయ్యకు."

ఆయనకు ఆ బండి మీద మమకారం ఊరికే కలగలేదు. పదకొండేళ్ల కింద బొగ్గుబాయిలో పైనుంచి బండ రాలి ఎడమ చెంప కణత దాకా చీలింది. గాయం మానింది కానీ, లోపల చిక్కుకున్న బొగ్గుపొడి నల్లటి గీతలా ఉండిపోయింది. బస్సెక్కితే పక్క సీటు పిల్లలు జడుసుకుని తల్లుల ఒళ్లో దాక్కునేవారు. ఆ ఏడే ఈ పాత కారు కొన్నాడు. ఎక్కడికి పోయినా అందులోనే, అద్దాలెక్కించుకుని పోయాడు. రేపటినుంచి బస్సే గతి. వచ్చే ఆదివారం ఇచ్చోడలో చెల్లెలి కూతురి పెళ్లి ఉన్నా, తాను రానని భార్య సత్తవ్వకు ముందే చెప్పేశాడు. అన్న లేని పెళ్లేమిటని చెల్లెలు ఫోన్లో ఏడ్చినా ఆయన మాట మారలేదు.

నిఖిత కెమెరా అద్దాన్ని చున్నీతో తుడిచింది. తెర మీద లైటు ఉన్నచోట వేలు అదిమిపెట్టి, వెలుతురు తగ్గించింది. ముద్దలు పోయి లైట్ల ఆకారం తేలింది కానీ, మిగతా బండంతా నల్లగా మారిపోయింది.

"గట్ల ఎదురుంగ నిలవడితె ఎట్లొస్తది బిడ్డా?" ఎల్లేశం సలహా ఇచ్చాడు. "జర పక్కకు రా. బాయిల మాట్లాడుకునేటప్పుడు టోపీ లైటు ఎదుటోని కండ్లల్ల కొట్టకుంట తల పక్కకు తిప్పుతం. లేకుంటె లైటెనుక మనిషే కనబడడు."

"గా ముచ్చట ముందే చెప్పొద్దా బాపు!" నిఖిత నాలుగడుగులు పక్కకు జరిగింది. బాయి చదువు పనికొచ్చినందుకు ఎల్లేశం మీసం దువ్వుకున్నాడు.

ఇంతలో సత్తవ్వ రెండు తెల్ల దస్తీలు తెచ్చి లైట్లకు అడ్డంగా కట్టింది. వెలుగు మెత్తబడింది. ఆ తర్వాత తడిగుడ్డతో ముందు అద్దం తుడవసాగింది.

"అద్దమెందుకే?"

"ఇన్నేండ్లు మోసిన బండిని దుమ్ముతోని సాగనంపుతమా?"

ఆ మాట ఎల్లేశానికి ఎంతో నచ్చింది.

"జల్ది అవ్వా! మొగులు మీద వెలుగుండంగనే తియ్యాలె. చీకటైతె మళ్ల లైట్లే కనబడతయి" అని తొందరపెట్టింది నిఖిత.

సత్తవ్వ వచ్చి కూతురి పక్కన నిలబడింది. "ఏమయ్యా, యాదికున్నదా? బండి తెచ్చిన దినం నన్ను ఎక్కిచ్చుకొని, ముందుకు పోతదనుకొని ఎనుకకు పోనిచ్చి, పక్కింటి అంబదాస్ కోళ్లగంప పచ్చడి చేసినవు!"

"నేనేం చెయ్యలే! గా గంపనే టైరు కిందికి వచ్చింది!" ఎల్లేశం పగలబడి నవ్వాడు.

నిఖిత రెండు వేళ్లతో తెరను సాగదీసి, టక్కున నొక్కింది.

"వచ్చిందా బిడ్డా?"

"మస్తు వచ్చింది బాపు." ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. బండి పోతోందని పిల్లకు కూడా బెంగగా ఉన్నట్టుంది అనుకున్నాడాయన.

మర్నాడు బుచ్చిరాములు కారు నడుపుకుంటూ వెళ్లిపోయాడు. కాలనీ మలుపు తిరిగేదాకా చూసి, ఎల్లేశం గేటు దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. బజారుకు పోయిన తల్లీకూతుళ్లు మధ్యాహ్నానికి తిరిగొచ్చి, పటాన్ని గోడకు తగిలించి ఆయన్ను పిలిచారు.

ఎల్లేశం కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్లాడు. ఏమంటాడోనని సత్తవ్వ కొంగు నలుపుతూ నిలబడింది.

చివరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సత్తవ్వా, ఆదివారం ఇచ్చోడ బస్సు ఎన్ని గంటలకే?"

పటంలో కారు లేదు, నవ్వుతున్న ఎల్లేశం ఉన్నాడు.